చదరపు అడుగులో పట్టని ఇల్లు

పది రోజుల కిందట నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాదు నుంచి సందేశం పంపాడు. "మేడమ్, మధురవాడలో నాన్న కొన్న 200 గజాల స్థలం ఉంది. ఈ ఏడాది ఇల్లు మొదలుపెడదామనుకుంటున్నాం. మీ తమ్ముడిగారి ఇంటి లెక్కలన్నీ మీరే చూశారని విన్నాను. వైజాగ్‌లో ఇప్పుడు చదరపు అడుగుకు ఎంత పడుతోంది?"

వాడికి కావలసింది ఒక్క అంకె. దాన్ని తను కట్టాలనుకునే రెండు వేల చదరపు అడుగులతో గుణించి, వచ్చిన మొత్తానికి బ్యాంకు లోను అడుగుతాడు. మూడు రోజులు జవాబు రాయలేకపోయాను. ఇరవై ఏడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను, వాడికి క్షేత్రమితి చెప్పింది కూడా నేనే. నువ్వు అడిగిన ప్రశ్నలోనే తప్పు ఉందని ఒక్క ముక్కలో రాసేస్తే వాడు నొచ్చుకుంటాడు, పైగా ఆ ముక్క వల్ల వాడికి ఒరిగేదీ లేదు. అందుకే తీరికగా ఇక్కడ రాస్తున్నాను.

చదరపు అడుగు రేటు ఖర్చును తక్కువ చేసి చూపిస్తుందన్నది అందరికీ తెలిసిన ఫిర్యాదే. నా ఫిర్యాదు అంతకన్నా పెద్దది. ఎండ, వాన, ఉప్పుగాలి మూడూ కలిసి దాడి చేసే ఇలాంటి ఊళ్లో, ఇంటిని కాపాడే భాగాలు ఏవో ఆ రేటు సరిగ్గా వాటినే ముందు కోసేస్తుంది.

ఆ రెండు వందలు ఎక్కడ తగ్గాయి?

తమ్ముడి స్థలం కొమ్మాది దాటాక కొండ వాలులో ఉంది. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, సరిగ్గా 200 గజాలు. కింద 1,050, పైన 1,050, మొత్తం 2,100 చదరపు అడుగులు కట్టాలని ప్లాను గీయించాం. 2023 వేసవిలో నలుగురిని అడిగితే నాలుగు అంకెలు వచ్చాయి: 1,950, 2,050, 2,150, 2,400. నలుగురిలో స్థలం లోపలికి దిగి వెనక హద్దు దాకా నడిచింది ఒక్కరే. ఒకాయన రోడ్డు మీద స్కూటరు ఆపి, దిగకుండానే రేటు చెప్పి వెళ్లాడు.

తమ్ముడి మనసు 1,950 మీదకు పోయింది. మూడో ఆయన రేటుతో పోలిస్తే చదరపు అడుగుకు 200 తక్కువ, మొత్తం మీద 4,20,000 తక్కువ. "అక్కా, ఆ డబ్బుతో వంటగది చెక్కపని అంతా అయిపోతుంది" అన్నాడు. నేను ఆ మేస్త్రిగారిని ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఒక్కటే అడిగాను. ఆ రెండు వందలు ఎందులో తగ్గాయండీ?

ఆయన దాపరికం లేని మనిషి. నోట్‌బుక్ చివరి పేజీ తెరిచి వరసగా చెప్పాడు. పిల్లర్లు తొమ్మిది అంగుళాలకు తొమ్మిది. స్లాబు నాలుగున్నర అంగుళాలు. సన్‌షేడ్లు అడుగుకు మించవు. పడమటి వైపు సన్‌షేడ్ లేనే లేదు, అటు పక్కింటి గోడ వస్తుంది కదా అన్నాడు. పై స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ లేదు, "కారితే అప్పుడు చేయించుకుందురు గాని అమ్మా" అన్నాడు. నీళ్లు పక్క స్థలం బోరు నుంచి.

ఇందులో మోసం ఏదీ లేదు. రేటు తగ్గించమని మనమే పోటీ పెట్టాం, ఆయన మన కంటికి కనబడని చోట తగ్గించాడు. టైల్స్ దగ్గరో తలుపుల దగ్గరో తగ్గిస్తే మనం ఊరుకోం కదా. ఊచ మీద కాంక్రీటు ఎంత ఉందో, గోడ మీద నీడ ఎంత పడుతుందో గృహప్రవేశం నాడు ఏ చుట్టమూ అడగడు.

ఒకే వైశాల్యం, వేరు వేరు గోడలు

ఏడో తరగతి పిల్లలకు చుట్టుకొలత, వైశాల్యం చెప్పేటప్పుడు నేనొక చిన్న లెక్క ఇచ్చేదాన్ని. 25 అడుగులకు 40 అడుగుల దీర్ఘచతురస్రం తీసుకోండి. వైశాల్యం 1,000, చుట్టుకొలత 130. ఇప్పుడు 40 అడుగుల చతురస్రంలో ఒక మూల నుంచి 20కి 30 ముక్క తీసేసి ఎల్ ఆకారం చేయండి. వైశాల్యం మళ్లీ 1,000. చుట్టుకొలత 160. పది అడుగుల ఎత్తు గోడ కడితే మొదటి ఇంటికి 1,300 చదరపు అడుగుల బయటి గోడ, రెండో ఇంటికి 1,600. ఇటుకలు, సిమెంటు, లోపలా బయటా ప్లాస్టరింగ్, రంగు అన్నీ దాదాపు నాలుగో వంతు ఎక్కువ. చదరపు అడుగు రేటు దృష్టిలో మాత్రం రెండూ ఒకే ఇల్లు.

అంతస్తుల సంగతీ అంతే. 2,100 అడుగులు ఒకే అంతస్తులో కడితే పునాదీ పైకప్పూ రెండింతల విస్తీర్ణంలో కావాలి. రెండంతస్తుల్లో కడితే ఒక పునాది, ఎండను మోసే కప్పు ఒకటి, దానికి తోడు మెట్లు. నలభై చదరపు అడుగుల స్నానాల గదిలో నాలుగు గోడలకూ టైల్స్, పైపులు, కుళాయిలు ఉంటాయి. నాలుగు వందల అడుగుల హాల్లో గచ్చు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. హాలు రేటుకు స్నానాల గది రాదు. మూడు పడక గదులకు మూడు స్నానాల గదులు పెట్టుకుంటూ పక్కవాళ్ల రెండు స్నానాల గదుల ఇంటి రేటును మనం ఎలా పోల్చుకుంటున్నామో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వరండా సంగతి. మన దగ్గర గదులకు పూర్తి రేటు, వరండాకూ బాల్కనీకీ చాలామంది సగం రేటు కడతారు. సన్‌షేడుకు రేటే ఉండదు, అది గోడతో పాటు వచ్చేయాలి. ఫలితం ఏమిటంటే, నీడనిచ్చేదాన్ని వీలైనంత కురచ చేయడం కట్టేవాడికి లాభం. చూరు లేని గోడ మీద వైశాఖమంతా పడమటెండ పడుతుంది. అక్టోబరులో గాలివాన అడ్డంగా కొడితే అదే గోడ నీళ్లు తాగుతుంది. పెంకుటిళ్లకు చూరు, అరుగు ఊరికే పెట్టలేదు. మన తీరంలో బెస్తపల్లెల చుట్టిళ్లకు గడ్డి చూరు దాదాపు నేలను తాకేది. వాళ్లకు లెక్కల పుస్తకాలు లేకపోయినా గాలి ఎటు నుంచి వస్తుందో తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదకు వచ్చిన రోజు మా ఇంటి కిటికీ ఫ్రేముకూ గోడకూ మధ్య నుంచి నీళ్లు గదిలోకి చిమ్మాయి. భవనాల డిజైను కోసం దేశం మొత్తానికి ఉన్న గాలి వేగాల పట్టికలో విశాఖపట్నం ఎదురుగా ఉన్న అంకె సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. కిటికీని గోడకు ఎన్ని చోట్ల బిగించాలో చదరపు అడుగు రేటు చెబుతుందా?

పిన్ని ఇంటి సన్‌షేడ్

పెదవాల్తేరులో మా పిన్ని ఇల్లు 1991లో కట్టారు. పోయిన ఏడాది మాఘంలో వంటింటి కిటికీ మీది సన్‌షేడ్ నుంచి అరచేయంత పెచ్చు ఊడి తులసికోట పక్కన పడింది. ఎవరికీ తగలలేదు. నేను వెళ్లి స్టూలు ఎక్కి చూశాను. లోపలి ఊచ ఒకప్పుడు ఎనిమిది మిల్లీమీటర్లది. వేలితో నొక్కితే అప్పడం పొరల్లా తుప్పు రాలింది. రాలగా మిగిలినది పెన్సిల్ ములుకు కన్నా కాస్త లావు. ఊడిన పెచ్చు అంచున స్కేలు పెట్టి కొలిచాను. ఊచకూ బయటి గాలికీ మధ్య ఉన్న కాంక్రీటు తొమ్మిది మిల్లీమీటర్లు, నా చిటికెన వేలి గోరు వెడల్పంత.

ఇనుము తుప్పు పట్టితే దాని పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. లోపల అది ఉబ్బి, బయటి కాంక్రీటును తోసేస్తుంది. ఊచను చేరడానికి ఉప్పుగాలి కాంక్రీటులో దాటాల్సిన దూరం ఎంత ఎక్కువైతే ఇంటి ఆయుష్షు అంత ఎక్కువ. ఆ దూరాన్నే కవర్ అంటారు. కాంక్రీటు పనులకు మన దేశంలో ప్రామాణికమైన ఐఎస్ 456, సముద్ర తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటును తీవ్రమైన పరిస్థితుల వర్గంలో చేర్చింది. 2000లో వచ్చిన దాని కూర్పు ప్రకారం ఆ వర్గానికి కనీసం ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ), 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. ఉప్పుగాలి నేరుగా తగలకుండా మరుగున ఉంటే ఎం25, 30 మిల్లీమీటర్లు. ఏ ఇబ్బందీ లేని వాతావరణానికే ఎం20, 20 మిల్లీమీటర్లు. మన ఊళ్లో మేస్త్రీలు పొలాల మధ్య కట్టే ఇంటికీ బీచి రోడ్డు ఇంటికీ అదే చివరి లెక్కతో స్లాబు వేస్తారు, ఒక్కోసారి అంతకూ తక్కువతో. ఊచల కింద కవర్ బ్లాకులకు బదులు చేతికందిన కంకర రాయి పెడతారు. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరో కాలు వేస్తారు, రాయి జారుతుంది, ఊచ సెంట్రింగ్ రేకు మీద పడుకుంటుంది.

ఇక్కడ ఖర్చు ఎంతో లెక్క వేయండి. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మందం అంగుళం పెరిగితే కావలసినది 83 ఘనపుటడుగుల కాంక్రీటు, సుమారు 2.36 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు ఆరున్నర వేలు వేసుకున్నా పదిహేను వేలు. కవర్ బ్లాకులు వందల్లో అయిపోతాయి. పిన్ని ఆ సన్‌షేడ్లకూ బాల్కనీ అంచుకూ మరమ్మతు చేయించడానికి లక్షా ఎనభై వేలు పెట్టింది, ఇంకా డాబా మీది పని మిగిలే ఉంది.

ఇంకొక మాట చెప్పి తీరాలి. పిన్ని వాళ్ల బోరు నీళ్లతో కందిపప్పు ఉడకదు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో వంటకు వేరే నీళ్లు తెచ్చుకుంటారు. స్లాబు మాత్రం ఆ బోరు నీళ్లతోనే వేశారు. ఊచలున్న కాంక్రీటులో కలిపే నీళ్లలో ఉప్పు తాలూకు క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. పప్పుకు పనికిరాని నీళ్లు ఇంటికి ఎలా పనికొస్తాయని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే ఒక నీళ్ల పరీక్షతో, కొన్ని ట్యాంకర్లతో పోయేది. ట్యాంకర్ల ఖర్చు చదరపు అడుగు రేటులో ఎప్పుడూ ఉండదు. స్లాబును కనీసం వారం, ఫ్లైయాష్ కలిసిన సిమెంటైతే పది రోజులు తడపాలి. ఏప్రిల్లో స్లాబు వేసి నీళ్లకు వెనకాడిన ఇళ్లు మన వీధుల్లో ఎన్నో.

వైజాగ్‌లో ఏ మేడ ఎక్కి చూసినా పిల్లర్ల పైన ఊచలు ఆకాశంలోకి నిలబడి కనిపిస్తాయి. రేపు పై అంతస్తు వేసుకోవడానికి వదిలినవి. పదేళ్లు ఉప్పుగాలికి ఎర్రబడిన ఊచలకే కొత్త ఊచలు కట్టి పై అంతస్తు లేపుతారు. వాటికి సిమెంటు పాలు పూసి, పలుచని కాంక్రీటుతో మూసి ఉంచడానికి అయ్యే ఖర్చు ఒక రోజు కూలికి మించదు. ఆ వరుస నేను ఇంతవరకు ఏ ఎస్టిమేట్‌లోనూ చూడలేదు.

గాజు గ్లాసు, ముహూర్తం

తమ్ముడి ఇంటికి ఇసుక వంశధార నుంచి వచ్చింది. మొదటి లోడు దిగిన రోజు పొద్దున వాన పడి ఆగింది. లారీ కొలత చూసి మేస్త్రిగారు సరిపోయిందన్నారు. నేను ఇంటి నుంచి నిటారు గాజు గ్లాసు తీసుకెళ్లాను. తడి ఇసుకను వదులుగా పది సెంటీమీటర్ల ఎత్తు నింపాను. దాన్ని కాగితం మీద పోసి, గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి, ఇసుక అంతా మళ్లీ వేసి కలియబెట్టాను. ఇసుక ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. నీళ్లలో పూర్తిగా మునిగిన ఇసుక పొడి ఇసుక ఎంత చోటు తీసుకుంటుందో అంతే తీసుకుంటుంది. మామూలు చెమ్మ మాత్రం రేణువులను విడదీసి ఉబ్బిస్తుంది. ఎనిమిదికి రెండు, అంటే 25 శాతం ఉబ్బు. తట్టలతో కొలిచి కలిపితే కాంక్రీటులోకి ఇసుక తక్కువ పోతుంది. టన్నుల్లో కొంటే నీళ్లకు డబ్బు కడతాం. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో ఇసుక ఉచితం. తవ్వకం, లోడింగ్, రవాణా ఉచితం కాదు, కనుక ఈ గ్లాసు పరీక్ష ఇప్పటికీ చేయదగ్గదే.

వానకు తోడు పంచాంగం కూడా లెక్కలోకి వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆ నెలలో శంకుస్థాపన వద్దన్నారు మా అమ్మ, మరదలి తల్లిదండ్రులు. నేను కాదనలేదు, నాకూ ఆ పట్టింపు ఉంది. నిజ శ్రావణంలో, ఆగస్టు చివర, కొబ్బరికాయ కొట్టాం. దానివల్ల పునాది పని పూర్తిగా వానల్లో పడింది, మొదటి స్లాబు డిసెంబరుకు చేరింది. అప్పుడే మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ కురిసిన వానకు సెంట్రింగ్ సామాను అద్దె నడుస్తూనే ఉంది, పని నడవలేదు. ముహూర్తం మార్చుకోమని నేను ఎవరికీ చెప్పను. ముహూర్తం ఏ నెలలో పడితే ఆ నెల వానకు డబ్బు పక్కన పెట్టుకోమని చెబుతాను. వానల్లో సిమెంటు ముందే కొని పేర్చుకోవడం కూడా పొదుపు కాదు. చెమ్మలో మూడు నెలలు ఉన్న బస్తా దాదాపు ఐదో వంతు బలం పోగొట్టుకుంటుంది.

నా లెక్కా తప్పింది

వస్తువుల వారీగా నేను వేసిన ఎస్టిమేట్ 53,60,000. కాంపౌండు గోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, కరెంటు కనెక్షను, ప్లాను ఫీజులు అన్నీ కలుపుకొని. చివరికి అయినది 57,40,000. ఏడు శాతం తేడా.

దీన్ని పట్టుకుని తమ్ముడే నన్ను నిలదీశాడు. "అక్కా, మూడు వారాలు కూర్చుని లెక్క వేశావు. అయినా నాలుగు లక్షలు తప్పింది. ఆ మేస్త్రికీ నీకూ తేడా ఏముంది?" న్యాయమైన ప్రశ్న. తప్పిన దానిలో రెండు లక్షలకు పైగా వెనక రాతి గోడది. స్థలం రోడ్డు వైపు నుంచి వెనక్కి నాలుగు అడుగులు వాలుగా ఉంది. సగటున రెండు అడుగులు మెరక చేయాలి, 1,800 అడుగులకు 3,600 ఘనపుటడుగుల గ్రావెల్ అని రాశాను. దిమ్మిస కొట్టాక గ్రావెల్ కుంగుతుందని మరచిపోయాను. 4,500 పట్టింది. ఆ మట్టిని ఆపే గోడ పునాది నేను అనుకున్న లోతులో గట్టి నేలను తాకలేదు, ఇంకా మూడు అడుగులు దిగాల్సి వచ్చింది. లెక్క వేసే ముందే రెండు మూడు గోతులు తీయించి ఉంటే తెలిసేది. తీయించలేదు. ఆ తప్పు నాదే.

తమ్ముడికి నేనిచ్చిన జవాబు ఇదే. నా లెక్క తప్పిందని అన్నావు, ఎక్కడ తప్పిందో కూడా ఇద్దరం వేలు పెట్టి చూపగలుగుతున్నాం. రాతి గోడ వరుసలో తప్పింది, గ్రావెల్ వరుసలో తప్పింది, సిమెంటులో తప్పలేదు, ఇనుములో తప్పలేదు. 1,950 తప్పితే అది ఎక్కడ తప్పిందో ఎవరు చెప్పగలరు? ఆయన "ఎక్స్‌ట్రా" అంటాడు, మనం "ముందే చెప్పాలి కదా" అంటాం, పని ఆగుతుంది, పిల్లర్ల ఊచలు వానలో నిలబడతాయి.

అయినా చదరపు అడుగు రేటు వైపు కూడా న్యాయం ఉంది, దాన్ని దాటేసి పోలేను. మూడో ఆయన, చివరికి మాకు ఇల్లు కట్టిన మనిషి, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. రేటు ఎలా కడతారని అడిగితే ఆయన అన్న మాట నాకు గుర్తుండిపోయింది. "నేను లెక్క వేయనమ్మా, గుర్తు చేసుకుంటాను." కిందటి ఏడు కట్టిన మూడు ఇళ్లకు ఎంత అయిందో గుర్తు చేసుకుని, సిమెంటు, ఇనుము ధరలు ఎంత పెరిగాయో కలిపి చెబుతాడు. గోపాలపట్నంలోనో పెందుర్తిలోనో చదును నేల మీద, గచ్చు నుంచి గేటు దాకా ఒకేలాంటి ఇళ్లు కట్టేటప్పుడు ఆ గుర్తు నా లెక్క కన్నా దగ్గరగా ఉంటుందేమో కూడా. ప్రభుత్వ శాఖలు సైతం మొదటి అంచనాకు ప్లింత్ ఏరియా రేట్లనే, అంటే కట్టుబడి వైశాల్యానికి ఇంత అన్న రేట్లనే వాడతాయి. తేడా ఏమిటంటే, అక్కడ అది మొదటి మెట్టు మాత్రమే. టెండరు పిలిచే ముందు ఏ వస్తువు ఎంత అన్న వివరమైన ఎస్టిమేట్ వేస్తారు. మనం మొదటి మెట్టు మీదే సంతకాలు పెట్టి అడ్వాన్సు ఇచ్చేస్తున్నాం.

ఇంకొక వాదన ఇంతకన్నా గట్టిది. చదరపు అడుగుకు ఇంత అని ఒప్పుకుంటే ధర పెరుగుదల భారం కాంట్రాక్టరుది, వస్తువుల వారీగా అయితే భారమంతా యజమానిదని బ్యాంకులో పనిచేసే మా మరదలు అంటుంది. కాగితం మీద నిజమే. ఇనుము ధర టన్నుకు పది వేలు పెరిగితే ఆ భారాన్ని ఒక చిన్న మేస్త్రి తన జేబులోంచి మోస్తాడా? మోయలేడు. మోసే ఆస్తి ఆయనకు లేదు. ఊచల మధ్య దూరం ఆరు అంగుళాల నుంచి ఎనిమిదికి పెరుగుతుంది, అంతే. ధర తగ్గినప్పుడు మాత్రం లాభం మన వైపు రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేని ధర బస్తాకు 250 వేసుకుంటే 25 రూపాయలు తగ్గాలి. 2,100 అడుగుల ఇంటికి 840 బస్తాలు పడతాయనుకుంటే 21,000. మీ ఎస్టిమేట్‌లో సిమెంటుకు ఒక వరుస ఉంటే ఆ డబ్బు అడగవచ్చు. చదరపు అడుగు రేటులో ఆ వరుస లేదు.

ఆ 840 ఎక్కడిదంటారా? అడుగుకు 0.4 బస్తా, నాలుగు కిలోల ఇనుము అని మన దగ్గర మోటు లెక్క ఒకటి ఉంది. అదీ చదరపు అడుగు లెక్కే కదా అని మా మరదలు వెంటనే పట్టుకుంది. అవును. అయితే అది రూపాయల్లో లేదు, వస్తువుల్లో ఉంది. 8.4 టన్నుల ఇనుము రావాలని తెలిస్తే వచ్చిన ఊచలను లెక్కపెట్టవచ్చు. ఊచ వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. పన్నెండు మిల్లీమీటర్ల ఊచ 12 మీటర్ల పొడవుంటే పది కిలోల ఆరు వందల గ్రాములకు పైగా తూగాలి. మన ఊరు ఉక్కు నగరం. ఇక్కడ కూడా తూకం తగ్గిన ఊచలు లారీ దిగుతాయి, మేము రెండు ఊచలు తూచి, ఆ లోడును వెనక్కి పంపాం.

"ఇల్లు కట్టి చూడు" అన్న సామెతను మనవాళ్లు ఎంత తేలిగ్గా అనేస్తారో గమనించండి. ఖర్చు ఎలాగూ రెండింతలవుతుంది, లెక్క ఎందుకు అన్న అర్థంలో వాడుతున్నారు. చూడమన్నది సామెత. కళ్లు మూసుకోమనలేదు.

తమ్ముడి ఇంటికి అయిన మొత్తాన్ని 2,100తో భాగిస్తే 2,733 వస్తుంది. నా విద్యార్థి అడిగినది ఈ అంకే. ఇస్తే వాడు రాసుకుంటాడు. అయితే అందులో మా కొండ వాలు ఉంది, మా అధిక శ్రావణం ఉంది, మేము పడమటి వైపు మూడు అడుగులు వేయించిన సన్‌షేడ్ ఉంది. వాడి స్థలం కింద ఏముందో నాకు తెలియదు. రాయి ఉందో, ఎవరో చెరువు పూడ్చిన మట్టి ఉందో వాడికీ తెలియదు.

నిన్న ఫోను చేసి ఇంతా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "మరి ఇప్పుడు మొదట ఏం చేయమంటారు మేడమ్?" అన్నాడు. స్ట్రక్చరల్ ఇంజనీరును వెంటబెట్టుకుని రమ్మన్నాను. వచ్చే ఆదివారం గరీబ్‌రథ్‌లో దిగుతున్నాడు. స్థలం నాలుగు మూలలా ఐదేసి అడుగుల గొయ్యి తీయడానికి ఇద్దరు మనుషులను మాట్లాడాను. పక్క స్థలం బోరు నీళ్లు పరీక్షకు పంపడానికి మూత గట్టి సీసా ఒకటి కడిగి ఆరబెట్టాను.